పల్లీల గంజి నాకించిన రోజు

అత్తమ్మా,

ఇవాళ నీ తిథి. మన ఇంట్లో ఏ పసివాడైనా కూర్చోవడం నేర్వగానే నువ్వు ఉడికించిన పల్లీలు మెత్తగా నూరి, గంజిలో కలిపి నాకించేదానివి. ఈ పొద్దున నీ చిన్న మునిమనవడికి నేనూ అలాగే నాకించాను, వేలికొసంత.

కోడలు హడలిపోయింది. "వద్దత్తమ్మా! పెద్దోడు మొదటిసారి పల్లీలు తిన్ననాడు మూతి మొత్తం వాచింది, యాదికి లేదా?"

"వాన్ని మీ పుట్టింట్ల మూడేండ్లదాకా పల్లీ ముట్టనియ్యలే, గందుకే వానికి పడలే. వీనికి గట్ల కానియ్య," అన్నాను.

సాయంత్రం దాకా వాడిని మన మగ్గం పక్కనే ఒళ్లో పెట్టుకుని పెదవులు చూస్తూ కూర్చున్నాను. ఒక్క దద్దురూ లేదు. అంతలో వాడు గుక్కపట్టి ఏడ్చాడు. కోడలు ఉరికొచ్చింది.

"ఏమైందత్తమ్మా?"

"ఏం గాలే. గంజి గిన్నె ఇడుస్తలేడు, కడగనీకి తీసిన, గందుకే ఏడుస్తుండు."

కోడలు నవ్వింది. రేపూ వేలికొసంతే పెడతాను. నువ్వుంటే నా కళ్లుగప్పి ఇంకోసారి నాకించేదానివి.