పేరు పక్కన పచ్చ చుక్క

ప్రియమైన తమ్ముడికి,

ఒక్కసారీ కలుసుకోకుండానే పనిలో అక్కాతమ్ముళ్లమైపోయాం. వారమంతా చాట్‌లో పని, వారం చివర ఉత్తరంలో మన కబుర్లు. ఆ పద్ధతి తప్పకూడదని రాస్తున్నాను.

టికెట్ల ప్రోగ్రామ్‌లో ప్రయాణం రద్దు చేసుకున్నవాళ్ల సీటు ఇంకా నిండినట్టే చూపిస్తోంది. మనిషి రాడు, సీటు మాత్రం వదలడు. నీ చెయ్యి పడితే గాని అది దారికి రాదు.

మీటింగుల్లో నువ్వు మాట్లాడటమే మానేశావు. నీ పేరున్న నల్ల గడిలోంచి కీబోర్డు చప్పుడు, అప్పుడప్పుడు ఎవరో నిట్టూర్చినట్టు వినిపిస్తుంది. పాత కోడ్‌లో ఒక్క వివరణ రాయని బద్ధకస్తుడివి, ఇప్పుడు వరుస వరుసకీ రాస్తున్నావు. ఏమైంది నీకు?

ఇక నుంచి మాకు పని చేసిపెట్టే మీ కంపెనీవాళ్లందరూ కెమెరా పెట్టాల్సిందేనని మా మేనేజరు పట్టుబట్టాడు. ముఖం చూపించని వాళ్ల పేరు ప్రాజెక్టులోంచి తీసేస్తారట. ముందుగా నీ చెవిన వేస్తున్నాను.

ప్రేమతో,
అక్క

*

అక్కకు నమస్కారాలు.

సీటు సంగతి సరిచేశాను, చూడండి.

గొంతు బాగోలేదు, అందుకే మాట్లాడటం లేదు. కెమెరా పాడైంది. వివరణలంటారా, ఇంట్లో పోరు పడలేక బుద్ధి తెచ్చుకున్నాననుకోండి.

మారింది నేనొక్కడినేనా? మీరూ మీటింగుల్లో టైపే చేస్తున్నారు. ఇదివరకు మీ ఉత్తరం తెరిస్తే ముందు చీవాట్లు, తర్వాతే పని. పోయినసారి "పిల్లలెలా ఉన్నారు" అని అడిగారు. మాకు పిల్లలు లేరని మీకు తెలియనిదా?

కెమెరాకి కొంచెం గడువిప్పించండి అక్కా. ఈ పని పోతే ఇల్లు గడవదు.

ఇట్లు,
తమ్ముడు

*

అక్కా,

ఎల్లుండే కెమెరా అన్న మీ కబురు అందింది. ఇక దాచలేను. నేను మీ తమ్ముణ్ని కాదు, ఆయన భార్యని.

ఆయన పోయి ఏడు నెలలైంది. భోజనానికి లేస్తూ కుర్చీ పక్కనే పడిపోయారు. నేనూ ఈ పని నేర్చుకున్నదాన్నే, పెళ్లయ్యాక మానేశాను. "ఒప్పందంలో ఆయన పేరుంది. ఆ పేరు పోతే ఇక్కడ అందరి పనీ పోతుంది. ఆయన ఐడీతోనే నువ్వు చెయ్యమ్మా" అన్నాడు టీమ్ లీడరు. నాకూ వేరే దారి లేదు.

పొద్దున ఆయన పేరుతో లోపలికి వెళ్తాను. వంటింట్లో ఉన్న నా ఫోను మోగుతుంది. చాట్‌లో ఆయన పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతుంది, ఆయన వచ్చారని. వచ్చింది నేనేనని తెలుసు. అయినా ఒక్కోరోజు లేచి వెళ్లి చూస్తాను. సాయంత్రం ఆ చుక్క ఆర్పేటప్పుడు ఆయన్ని రోజూ నేనే పంపించేస్తున్నట్టుంటుంది.

ముఖం ఫొటోల్లో ఉంది. గొంతే మరిచిపోతున్నాను, అది ఎక్కడా దాచుకోలేదు.

మీరు పైవాళ్లకి చెప్పినా తప్పు పట్టను.

మీ మరదలు

*

వదినా,

ఇలా పిలిచే హక్కు నాకుందో లేదో. నేను అక్కను కాదు. ఆవిణ్ని పనిలోంచి తీసేసి, ఆ రోజే ఆవిడ మెయిలుకి తాళం వేశారు. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి, ఆ మెయిలు నా చేతికిచ్చి, "మనిషి మారిందని తెలిస్తే అవతలివాళ్లు బెదురుతారు, కొన్నాళ్లు ఈ పేరుతోనే నడిపించు" అన్నాడు మేనేజరు. పిల్లల గురించి అడిగిన తెలివితక్కువదాన్ని నేనే. సొరుగులో ఆవిడ కళ్లజోడు అలాగే ఉండిపోయింది. ఆ సొరుగు తెరవాలంటే భయం వేసేది.

నిన్న ఆ కళ్లజోడు తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్లి, మీ ఉత్తరం చదివి వినిపించాను. తాను లేకపోయినా తమ్ముడు పట్టించుకోలేదని ఇన్నాళ్లూ అలిగి కూర్చున్నారట. చాలాసేపు ఏడ్చారు. తర్వాత నన్ను చూసి, "వెర్రిదానా, మీటింగులన్నీ మన దగ్గర రికార్డవుతాయి కదే. వాడి గొంతు ఆ పిల్లకి పంపించు" అన్నారు.

మేనేజరుతో తేల్చుకున్నాను. మీ గుట్టు బయటపెడితే తన గుట్టూ బయటపడుతుంది కాబట్టి, మీ సొంత పేరుతో ఐడీ ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. రేపు ఇద్దరం కెమెరా పెడదాం.

దీంతో పంపే రికార్డింగులో ఆయన ఏదో లెక్క వివరిస్తుంటారు. మధ్యలో మీ వంటింట్లో పళ్లెం పడుతుంది. ఆయన నవ్వి, "మా ఆవిడకి నా మీటింగంటే లెక్కలేదు. ఒక్క నిమిషం, చూసొస్తాను" అంటారు. కుర్చీ జరిగిన చప్పుడు. దూరంగా మీ ఇద్దరి నవ్వు. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించదు.

అక్కడ ఆపేయకండి వదినా. ఆయన తిరిగి వచ్చి కూర్చుంటారు.

మీ ఆడపడుచు