కిటికీయే చెబుతుందట!

మాంటిస్సోరి బడి టీచరమ్మకు, మీ ఏడో తరగతి పిల్ల అమ్మమ్మ నమస్కరించి రాయునది.

నిన్న మీ తరగతి చూశాను. పిల్లలంతా నేల మీద బట్ట పరిచి, కిటికీకి కర్టెన్ కుట్టే ప్రాజెక్టులో తలమునకలుగా ఉన్నారు. మీరు మాత్రం మూలన చిన్న పీట మీద బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. నేను ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పాను. ఒక్క పీరియడ్ నోరు మూసుకున్న పాపాన పోలేదు.

అంచు కుట్టడానికి మనవరాలు కర్టెన్ ఇంటికి తెచ్చింది. అరవై అంగుళాలట. నా టేపుతో కొలిస్తే అరవై రెండు! "నువ్వు దిద్దకమ్మమ్మా, మా పని మాది" అంటోంది. చదువంటే ఇదేనా? టీసీ దరఖాస్తు జతచేశాను. తప్పు మీదని తేలిన రోజే సంతకం పెట్టాలి.

ఇట్లు, ఆగ్రహంతో,
అమ్మమ్మ

తా.క.: ఆ పీట మీ ఎత్తుకు చాలదు. నడుము జాగ్రత్త.

*

అమ్మమ్మగారికి నమస్కారాలు.

పెద్ద పిల్లలకైనా మా పద్ధతి ఒకటే. తప్పును టీచరు చూపించదు, చేసిన వస్తువే చూపిస్తుంది. కర్టెన్ పొడవైతే కిటికీయే చెబుతుంది. దయచేసి ముట్టుకోకండి. టీసీ సంగతి తెలిసి మీ మనవరాలు కళ్లనీళ్లు పెట్టుకుంది.

విధేయురాలు,
టీచర్

తా.క.: పీట అలవాటైంది. నోరు మూసుకోవడమే ఇంకా కాలేదు.

*

టీచరమ్మకు,

కిటికీ చెబుతుందా? చోద్యం! మరి జీతం కూడా కిటికీకే ఇవ్వమనండి. పిల్ల స్నానానికి వెళ్లినప్పుడు సరిగ్గా అరవై దగ్గర కత్తిరించి అంచు కుట్టేశాను. కళ్లెదుట తప్పు కనిపిస్తుంటే చేతులు ముడుచుకోవడం మా వంశంలో లేదు.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క.: పిల్లకు చెప్పలేదు. మీరూ చెప్పకండి. చెప్పకపోవడం మీకు తెలిసిన విద్యే కదా.

*

అమ్మమ్మగారికి,

కర్టెన్ రెండంగుళాలు పొట్టిదైంది! పిల్లలు గంటసేపు వాదించుకుని, కడ్డీని రెండంగుళాలు కిందికి దించాలని తీర్మానించారు. కర్టెన్ ఇంటికి వస్తోంది, ఇస్త్రీకి మాత్రమే. మీకు దండం పెడతాను.

టీచర్

*

టీచరమ్మకు,

పొట్టిదైందంటే కిటికీని కూడా తప్పు కొలిచారన్నమాట! కర్టెన్ మోకాళ్ల నిక్కరులా వేలాడితే పరువు పోయేది మా ఇంటిదే. కత్తిరించిన ముక్కనే మళ్లీ అతికాను. అతుకు కనిపిస్తే నన్నడగండి.

అమ్మమ్మ

తా.క.: మీ దండం అందింది.

*

అమ్మమ్మగారికి,

అతుకు కనిపించలేదు. ఈలోగా కడ్డీ దిగిపోయింది కాబట్టి కర్టెన్ రెండంగుళాలు ఎక్కువై నేలను ఊడుస్తోంది. పిల్లలు మిగతా పనులన్నీ మానేసి కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టారు: "మా నేస్తం ఇంట్లో బట్ట ఎందుకు పెరుగుతుంది, ఎందుకు తరుగుతుంది?" తడిపారు, ఎండబెట్టారు, ఇస్త్రీ చేశారు. అంగుళం కూడా కదల్లేదు. ఇక మిగిలింది ఆ ఇల్లే. ఆదివారం మీ మనవరాలితో పాటు ఇద్దరు వస్తారు. మీరు పని చేసుకుంటుంటే మూలన కూర్చుని చూస్తారు. పలకరించకండి.

టీచర్

తా.క.: పీటలు వాళ్లే తెచ్చుకుంటారు.

*

టీచరమ్మకు,

వచ్చారు. ముగ్గురూ వరసగా కూర్చున్నారు, అచ్చం మీ ముఖాలే పెట్టుకుని. ఎలా కొలవాలో చూసి నేర్చుకోండర్రా అని టేపు తీశాను. ఒకడు పెదవి కొరుక్కున్నాడు. ఒకతె పైకప్పు చూసింది. నా మనవరాలు, నా చేతులతో పెంచిన పిల్ల, మాటా పలుకూ లేదు! ఏమిటర్రా అని కళ్లజోడు సర్దుకుని టేపు మొదలు చూశాను. ఒకటి లేదు. రెండు లేదు. టేపు మూడుతో మొదలవుతోంది! ఎప్పుడో చివర చిరిగితే నేనే కత్తిరించాను, మరిచిపోయాను.

టేపు తీయగానే కనిపెట్టారట దొంగలు! "చెప్పి చావొచ్చు కదే" అంటే మనవరాలు ఏమందో తెలుసా?

"నేనెందుకమ్మమ్మా, టేపే చెప్పింది కదా?"

నాకు ఇంకా కోపం తగ్గలేదు. టీసీ దరఖాస్తు వెనక్కి పంపండి. వెనకవైపు ఖాళీ కాగితం, పిల్ల లెక్కలకు పనికొస్తుంది.

ఇట్లు,
కొత్త టేపు కొన్న అమ్మమ్మ

తా.క.: ఇన్నేళ్లూ దాని గౌన్లన్నీ నేనే కుట్టాను. కుట్టిన నాడే పొట్టివైపోతుంటే, పిల్ల ఏపుగా ఎదుగుతోందని మురిసిపోయాను. ఈ సంగతి ఆ మూడు పీటలకూ చెప్పకండి.