తీసుకెళ్ళని జాకెట్లు

ఫ్రిస్కో (టెక్సస్), ఆగస్టు 4

పూజిత గారికి దమయంతి నమస్కారాలు.

కంప్యూటర్ రాని దుకాణదారులకు శనివారాలు ఫోన్‌లో బ్లాగు నేర్పుతానన్న మీ ప్రకటన చూసి చేరినదాన్ని. ఫ్రిస్కోలో జాకెట్లు కుడతాను. మీరు పెట్టిచ్చిన బ్లాగు బాగుంది, ఖాళీగా ఉంది. నా దుకాణమూ అంతే. అక్టోబరు ఆఖరుకి మనుషులు రాకపోతే మూసేస్తాను.

మధ్యాహ్నం ఎండ పట్టుముక్కల మీద పడి గదంతా రంగులైపోతుంది. సూదిలో దారం ఎక్కిస్తూ ఎక్కడికో వెళ్ళిపోతాను. ఇలాంటిదాన్ని, ఏం రాయను? ఈమెయిల్ తెరిస్తే చదవనివి నాలుగు వేలు కనబడి కళ్ళు తిరుగుతున్నాయి. అందుకే కాగితం.

ఇట్లు,
దమయంతి

తా.క.: మర్చిపోకుండా పాస్‌వర్డ్ గోడకి అంటించాను. ఒకావిడ అది కొత్త నెక్ డిజైన్ పేరనుకుని తనకీ అదే కుట్టమంది.

ఆష్‌బర్న్ (వర్జీనియా), ఆగస్టు 11

దమయంతి గారికి నమస్తే.

ముందు ఆ పాస్‌వర్డ్ తీసేయండి, ప్లీజ్! బ్లాగ్ అంటే ఉపన్యాసం కాదండీ. మీ షాప్‌ని మర్చిపోయిన ఒక్క కస్టమర్‌ని తల్చుకోండి. ఆవిడతో మాట్లాడినట్టే ఫోన్‌లో చెప్పండి, అదే టైప్ చేస్తుంది.

ఉంటానండీ,
పూజిత

తా.క.: పబ్లిష్ నొక్కడానికి రాహుకాలం చూడక్కర్లేదు.

ఫ్రిస్కో, ఆగస్టు 25

అమ్మా పూజితా,

మీరన్నట్టే చేశాను. కుట్టించుకుని తీసుకెళ్ళని జాకెట్లు నా దగ్గర ఏడున్నాయి. మొదటిది జయంతి గారిది. ‘జయంతి గారూ, మీ వంకాయరంగు జాకెట్టు రెండేళ్ళుగా మీకోసం చూస్తోంది. మీరు ముప్పై నాలుగన్నారు. నేను ముప్పై ఎనిమిది కుట్టాను’ అని రాశాను. ఫ్రిస్కో అంతా చదివిందట. ఆవిడ మండిపడుతూ వచ్చి, తొడుక్కుని చూసి, అద్దం ముందు నిలబడిపోయింది. ఇంకో మూడు కుట్టమని బట్ట ఇచ్చి వెళ్ళింది.

ఆశీస్సులతో,
దమయంతి

తా.క.: కామెంట్ పెట్టిన నలభై మందినీ టీకి రమ్మన్నాను. ఇరవై రెండు మంది వచ్చారు. పాలు సరిపోలేదు.

ఆష్‌బర్న్, సెప్టెంబరు 2

దమయంతి ఆంటీకి,

అయ్యో ఆంటీ! పేర్లు, కొలతలు అస్సలు రాయకూడదు! ఎవరైనా కేస్ వేస్తే? బట్ట గురించి మాత్రమే రాయండి.

కంగారుతో,
పూజిత

తా.క.: మిగతా ఆరూ ఏ రంగులు? ఊరికే అడిగాను.

ఫ్రిస్కో, అక్టోబరు 20

అమ్మాయీ,

పేర్లు మానేశాను. ఐదుగురు రంగు చూసే గుర్తుపట్టి వచ్చారు. వాళ్ళ వెనక కొత్తవాళ్ళూ వచ్చారు. దుకాణం ఇంకో ఏడాదికి ఖాయం చేశాను.

ఒక్కటి మిగిలింది. చిలకపచ్చ పట్టు, మామిడిపిందెల అంచు. కిటికీ దగ్గర వేలాడుతూ ఏసీ గాలికి మెల్లగా ఊగుతుంది. మూడేళ్ళ కిందట ఒక ఎమ్మెస్ చదివే పిల్ల తడి జుట్టుతో వచ్చి, నిశ్చితార్థానికి, శనివారం తీసుకెళ్తానంది. ఎన్ని శనివారాలో వెళ్ళిపోయాయి. ఒక్కోసారి కునుకుపాటులో ఆ పిల్ల తలుపు తోసినట్టే ఉంటుంది. ఇదే నిన్న బ్లాగులో చెప్పాను.

దమయంతి

తా.క.: ముగ్గురు అది తమదేనని వచ్చారు. తొడిగి చూపించమన్నాను. చేతుల దగ్గరే దొరికిపోయారు.

ఆష్‌బర్న్, అక్టోబరు 27

ఆంటీ,

అది నాది. ఆ గురువారమే నిశ్చితార్థం ఆగిపోయింది. శనివారం మీ షాప్‌కి బదులు ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాను. మీరు చేరినప్పుడే గుర్తుపట్టాను, సిగ్గేసి చెప్పలేదు. సారీ ఆంటీ. దాన్ని ఎవరికైనా ఇచ్చేయండి.

మీ పూజిత

ఫ్రిస్కో, నవంబరు 3

తల్లీ పూజితా,

నాకు తెలుసు. జాకెట్టుకి గుచ్చిన చీటీ మీదా నీ ప్రకటన మీదా ఒకటే పేరు, ఒకటే ఫోన్ నంబరు. బ్లాగు నేనే పెడతానని నా కూతురు రష్మి మొత్తుకున్నా వద్దన్నాను. నువ్వు రావని తెలిసి నేనే నీ క్లాసుకి వచ్చాను.

ఎవరికీ ఇవ్వను, పార్శిలూ చేయను. నిశ్చితార్థం ఆగితే ఆగింది, పట్టు ఏం చేసింది? శనివారం రా. అద్దం తుడిచి ఉంచుతాను.

నీ
దమయంతి ఆంటీ

తా.క.: మూడేళ్ళయింది కదా అని భయపడకు. లోపల రెండు అంగుళాలు వదిలే కుట్టాను. బ్లాగులో రాయనులే.