మా గేటు మీది బోర్డు

మొయినాబాద్

తమ్ముడు ఉదయ్‌భాస్కర్‌కు, మీ అక్క కులాసాగానే ఉంది.

నిన్న ఫోనులో నన్ను మాట్లాడనివ్వలేదు కాబట్టి ఈ కార్డు రాస్తున్నాను. నేను మద్యం దుకాణం తెరవలేదు. మన తోటలో ఖాళీగా ఉన్న ఎకరాన్ని విశ్వవిద్యాలయానికి పరిశోధన కోసం ఇచ్చాను. తక్కువ నీటితో ఈ నేలలో ఏ రకం నిలుస్తుందో చూడాలని వాళ్లు కొత్త తీగలు నాటి, గేటుకు "వైన్ ద్రాక్ష పరిశోధన" అని బోర్డు కట్టారు. మన వైపు వైన్ అంటే వైన్స్ దుకాణమే కదా! సాయంత్రానికి అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్ వాచ్‌మన్ ఆంజనేయులు వచ్చాడు.

"అవ్వా, ఒక క్వార్టర్ ఇయ్యు."

"ఇది యూనివర్సిటీ తోట, బిడ్డా."

"అయితే సరుకు అసలుదే ఉంటది!"

నవ్వాపుకొని, మన బాపు వేసిన పాత ద్రాక్ష పందిరి నుంచి ఒక గుత్తి కోసి ఇచ్చాను. మరునాడు మళ్లీ వచ్చాడు. "మా ఇంటిది గిసువంటి పండు ఎన్నడు తినలేదంట, ఇంకో గుత్తి ఇయ్యవా?" ఒకప్పుడు ఇక్కడి నుంచి లారీలకొద్దీ ద్రాక్ష పోయేది. ఇప్పుడు ఇక్కడి వాళ్లకే దాని రుచి తెలియదన్న మాట నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది.

బోర్డు పీకేసి నీ దగ్గరకు వచ్చేయమన్నావు. రెండూ చేయను. కొత్త తీగలు కాపుకు రావడానికి ఇంకా రెండేళ్లు పడుతుంది. ఈ నేల ఏం జవాబు చెబుతుందో ఇక్కడే ఉండి వింటాను.

బాపు కొమ్మలు కత్తిరించే కత్తెర నీ దగ్గరే ఉంది, పంపించు. మరదలి మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? ఇద్దరికీ నా దీవెనలు. ఇటు వస్తే బోర్డు పూర్తిగా చదువు. కింద నా చేత్తో ఒక పంక్తి చేర్చాను: "అడిగిన వారికి పండు ఇవ్వబడును."

అక్క, రాజ్యలక్ష్మి