గార్డు కోటు

కొమరోలు,
1938 అక్టోబరు

మద్రాసు అచ్చాఫీసులో పనిచేయుచున్న నా ప్రియ భర్త ఏబేలు గారికి, మీ భార్య మగ్దలీనమ్మ ప్రభువు పేరట వందనములు చేసి వ్రాయునది.

ఇక్కడ నేనూ, అత్తా, మామా దేవుని కృపవల్ల తిండికీ పౌరుషానికీ లోటు లేకుండా క్షేమంగా ఉన్నాం. మీరూ అట్లాగే ఉండాలని రోజూ ప్రార్థన చేస్తున్నాం. అత్త దగ్గు ఎట్లా ఉందని అడిగారు. మిరియాల కషాయంతో తగ్గింది, నన్ను తిట్టే ఓపిక మళ్ళీ వచ్చింది. మేక ఈనిందా అని అడిగారు. ఈనింది, రెండూ పోతుపిల్లలే.

ఇక కోటు సంగతి. "ఆడదానివి, రైలు గార్డు వేసి విడిచిన కోటు తొడుక్కొని, కెమెరా తగిలించుకొని ఊళ్ళు తిరుగుతున్నావట. నలుగురూ నవ్వుతున్నారట. తక్షణం అమ్మెయ్యి. గొంగడి చాలదా, గొడుగు చాలదా" అని రాశారు. అమ్మను. ఎందుకమ్మనో చెబుతాను, కోపం తెచ్చుకోకుండా చదవండి. తెచ్చుకున్నా సరే, చదవడం మాత్రం మానకండి.

మిషను ఆసుపత్రి డాక్టరు దొరసాని సీమకు పోతూ ఆ కెమెరా నా చేతిలో పెట్టినప్పుడు నాకంటే ఎక్కువ మురిసింది మీరే. మగవాడు ఫోటో తీస్తానంటే రైతుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు గడప దాటి రారు. నేను పోతే పెరటివైపు పిలిచి, తల దువ్వుకొని, ముక్కుపుడక సరిచేసుకొని నిలబడతారు. పోయిన వానల్లో వెలిగండ్ల నుంచి నడిచి వస్తుంటే గొంగడే కప్పుకున్నాను. అది నీళ్ళు తాగి తాగి దూడను మోసినంత బరువైంది, లోపల కెమెరా తడిసి ఫిల్మంతా పాడైంది. పచ్చి బాలింతరాలు ఒకామె బిడ్డతో తీయించుకున్న ఫోటో అందులోనే పోయింది. ఆ బిడ్డ తరవాత దక్కలేదు. ఆ తల్లికి నేనేం జవాబు చెప్పాలి? ఆమె ముందు నిలబడి వచ్చిననాడే అనుకున్నాను, మంచి వానకోటు కొంటేగానీ మళ్ళీ మబ్బు పట్టిన రోజున గడప దాటనని.

మార్కాపురం దుకాణంలో రెండు కోట్లు చూపించారు. ఒకటి నున్నటి రబ్బరుది. తొడుక్కొని వీధి చివరిదాకా నడిచి వచ్చేసరికి లోపల చెమటతో స్నానమైంది. వానకు బయటినుంచి తడవకపోతే లోపలినుంచి తడుస్తాం, కెమెరాకు రెండూ ఒకటే. రెండోది గుడ్డది, కొత్తది, చూపుకు దొరల కోటే. ఆ ఊళ్ళో పలకముక్కలకు కరువా? బయటినుంచి ఎండిన ముక్క ఒకటి ఏరుకొచ్చి కోటు భుజం కింద పెట్టి, చెంబుతో నీళ్ళు తెమ్మన్నాను. దుకాణం సాయిబు అదిరిపడ్డాడు.

"ఏందమ్మా, కొత్త కోటు మీద నీళ్ళు పోస్తావా?"

"వానకు కొనేది సాయిబూ, దండెం మీద ఆరేసి చూసుకునేదానికి కాదు."

పోసిన కాసేపటికే కుట్టు దగ్గర నీళ్ళు దిగి పలక నల్లబడింది. దాని వెల చూస్తే రెండు నెలల బియ్యం. నమస్కారం పెట్టి వచ్చేశాను.

గిద్దలూరు స్టేషనులో గార్డు ఒకాయన పింఛను తీసుకొని సొంతూరు పోతూ సామాను అమ్ముతున్నాడని మన పాస్టరు గారు చెప్పారు. ఆయన కోటుకూ అదే పరీక్ష పెట్టాను. రెండు గుడ్డల నడుమ రబ్బరు, కుట్లమీద లోపల పట్టీ. పలక మీద చుక్క పడలేదు. తలకు ముసుగు దానికే కుట్టి ఉంది. కెమెరా మెడలో ఉండగానే పైన గుండీలు పెట్టుకోవచ్చు. జేబు దగ్గర చిరుగుకు సైకిలు ట్యూబు ముక్క అతికించాను. నాకు పిక్కల దాకా వస్తుంది, వస్తే రానీ. సాయిబు చెప్పిన దాంట్లో నాలుగో వంతుకు వచ్చింది. ఇంత మంచి బేరం మీరు మద్రాసంతా గాలించినా చేయలేరు.

గొడుగు మాట రాశారే, మద్రాసు పోయి మన ఊరు మరచిపోయారా? ఆసాముల పెద్దవీధిలో, ఊరి బయటుండే మన పల్లెవాళ్ళం గొడుగు ముడవాలి, ఎంత వాన అయినా సరే.

మీకు చేరిన నవ్వుల కథ ఇదీ. పది రోజుల కిందట జోరువానలో రోశమ్మ గారు కబురు పెట్టారు, తన కూతురు కాన్పుకు వచ్చింది, ఫోటో కావాలని. ముసుగు వేసుకొని పెద్దవీధిలోకి పోయాను. అరుగు మీద ఆమె భర్త వెంకటసుబ్బయ్య, మామ పనిచేసే చేని ఆసామి, నలుగురితో కూర్చొని ఉన్నాడు. నన్ను చూడగానే గబుక్కున లేచి, పైగుడ్డ నడుముకు చుట్టి, రెండు చేతులూ జోడించాడు.

"దండాలు దొరా! వానలో వచ్చినారే, పైకి రాండి."

అడవి ఆఫీసరు అనుకున్నాడు పాపం. ముసుగు తీశాను.

"నేను పెద్దయ్యా, పౌలు కోడలిని."

అరుగు మీది నలుగురూ గొల్లుమన్నారు. నేను నవ్వలేదు, ఒట్టు. ఆయన ముఖం మాత్రం కందగడ్డ అయింది.

"ఒసే, విప్పు ఆ కోటు!"

"కెమెరా తడుస్తాది పెద్దయ్యా. చెప్పులు విడవమన్నారు, గొడుగు ముడవమన్నారు. కోటు ఊసు ఎప్పుడన్నా ఎత్తినారా?"

"ఇప్పుడు ఎత్తుతుండా."

"అయితే ఈ పూటకు ఇంటికి పోనీండి, నిన్నటిదాకా లేదు గదా."

అని వెనక్కు తిరిగి వీధి నడుమనే నడిచి వచ్చాను. కాళ్ళు వణికాయి. కోటు పొడుగ్గా ఉంది కాబట్టి ఎవరికీ కనబడలేదు.

ఇంతవరకే రాసి ఆపుదామనుకున్నాను. కానీ మీ దగ్గర దాచి బతకలేను. మర్నాడు పొద్దున జీతగాడి చేత కబురొచ్చింది: "కోటు తెచ్చి అయ్య ముందర పెట్టేదాకా పౌలు చేలోకి రాగూడదు." మామ ఊహ తెలిసినప్పటినుంచీ కష్టం చేసిన చేను. శెనగకాయ పీకుడు మొదలైంది. మామ ఆ పూటంతా తాడు పేనుతూ కూర్చున్నారు. నన్ను ఒక్క మాట అన్నా బాగుండేది. కోటు మడిచి ఆయన ముందు పెట్టి, "తీసుకపోయి ఇచ్చేయి మామా, నా కెమెరా ఏమైతే అయింది" అని ఏడ్చాను.

మామ కోటు విప్పి అటూ ఇటూ తిప్పి చూశారు. "బలే గట్టిగుందే" అన్నారు. ఆ తరవాత తొడుక్కున్నారు. మెడదాకా గుండీలు పెట్టుకున్నారు. ఎండ మాడుతోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆ ఎండలో, ఆ కోటుతో, పెద్దవీధి నడుమన నడిచిపోయారు. నేను కెమెరా తీసుకొని వెంట పరుగెత్తాను.

అరుగు ముందు నిలబడి మామ అన్న మాట అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను.

"అయ్యా, కోటు తెచ్చి ముందర పెట్టమన్నారంట. తెచ్చినా. చూసుకోండి."

అందరూ చూశారు. మామ అంతే నిదానంగా తిరిగి వచ్చారు. సోమవారం నుంచి మార్కాపురం పలకల గనిలో పని చూసుకుంటానంటున్నారు. ముసలి ఒళ్ళు, ఏమవుతుందో నాకు భయంగానే ఉంది. అత్త ప్రార్థన చేస్తోంది. పని పోయినందుకు నన్ను తిట్టాలనుకుంటే తిట్టండి, పడతాను.

కానీ కోటు మాట నాతో ఎత్తకండి. ఆ పొద్దు అరుగు ముందర తీసిన మామ ఫోటో ఇందులో పెట్టాను. అది చూసిన తరవాత కూడా కోటు అమ్మాలనిపిస్తే, ఉత్తరం మీ నాయన పేరనే రాయండి. నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
కోటు అమ్మని మీ భార్య,
పౌలు కోడలు మగ్దలీనమ్మ