వెనక సీలు

ఆళ్లగడ్డ,
6-8-1979

ప్రియ మిత్రుడు మహానందయ్యకు యేసురత్నం ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాయునది.

ఇక్కడ నేనూ సువార్తమ్మా బాగున్నాం. అక్కడ నువ్వూ తులసమ్మా బాగున్నారనే అనుకుంటాను. బాగా లేనిదల్లా నువ్వు నాకు అమ్మిన కారు.

జూన్‌లో తెచ్చినప్పుడు దాని కింద నేల పొడిగా ఉండేది. నెల తిరిగేసరికి రూపాయి బిళ్ళంత నల్లమరక. ఇప్పుడు రొట్టెల పెనమంత. ముప్పై ఏళ్ళు పరీక్ష హాళ్ళలో కాపీ చీటీలు పట్టుకున్న కళ్ళు నావి. ఇది గిట్టనివాళ్ళెవరో చేస్తున్న పనేమోనని మూడు రోజులు అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకుని కాపలా కాశాను. ఎవరూ రాలేదు. నూనె మాత్రం వచ్చింది.

నువ్వు చెప్పినట్టే ప్రతి సోమవారం అరలీటరు ఇంజనాయిలు పోస్తున్నాను. డిక్కీలో నువ్వు మరిచిపోయిన రేకు డబ్బా ఒకటి దొరికింది. "అర" అని చెక్కి ఉంది కాబట్టి దానితోనే పోస్తున్నాను. కడ్డీ తీసి చూస్తే నూనె పైగీత దాటి నిండుగా ఉంటోంది. అంత నిండుగా ఉన్న ఇంజనుకు ఏం రోగం? నొచ్చుకుంటావని తెలిసీ అడుగుతున్నాను, ఈ సంగతి నీకు ముందే తెలుసా?

ఇట్లు,
నీ పక్క బెంచి
యేసురత్నం (రిటైర్డ్ హెడ్మాస్టరు)

తా.క.: సువార్తమ్మ మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "నెలాఖరు లోపల ఈ మరక ఆగల్ల. లేకుంటే కారూ ఆయప్ప ఇంటికే, ఆయప్ప స్నేహమూ ఆయప్ప ఇంటికే."

——

శ్రీరామ

నంద్యాల,
10-8-1979

చిరకాల మిత్రుడు యేసురత్నానికి మహానందయ్య నమస్కారాలు.

నూనె కొట్టు వాడికి నూనె మరక మీద ఉత్తరం రాసినవాణ్ణి నిన్నే చూశాను. నాకు కారు గురించి తెలిసిందల్లా వెనక సీట్లో కూర్చోవడమే, ఒప్పుకుంటాను. కానీ పదకొండేళ్ళు అది మా కొట్టు ముందే నిలబడింది. ఒక్క చుక్క రాల్చిందని ఎవరూ అనలేదు. నా దగ్గర బాగుండి నీ దగ్గరికి రాగానే చెడిందంటే, అనుమానం ఎవరి మీద పడాలో నువ్వే చెప్పు.

హైస్కూల్లో ఒకే బెంచి మీద కూర్చుని, ఒకే సిరాబుడ్డి వాడుకున్నవాళ్ళం. నన్ను అనుమానిస్తే నాకు కష్టంగా ఉంటుంది.

ఇట్లు,
మహానందయ్య

తా.క.: మా కొట్టు ముందు నేల ఎప్పుడూ నూనె మయమే కాబట్టి ఒకవేళ చుక్క రాలినా మాకు తెలిసేది కాదు. ఇది సువార్తమ్మకు చదివి వినిపించకు.

మరొక తా.క.: రేకు డబ్బా అన్నావు. దానికి ఇత్తడి పిడి ఉందా? ఊరికే అడుగుతున్నాను.

——

ఆళ్లగడ్డ,
16-8-1979

శ్రీ మహానందయ్య గారికి,

పేరు వెనక "గారు" ఎందుకు వచ్చిందో ఈ ఉత్తరం చదివితే తెలుస్తుంది.

నిన్న మా ఊరి మెకానిక్ ఇస్సాకును పిలిపించాను. డిక్కీ దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా వెతికాడు. చివరకు లేచి, చేతులు తుడుచుకుంటూ ఏమన్నాడో తెలుసా? "ఎనక సీలు పోయిండాది సార్. అమ్మినాయప్పకు తెలీకుండా ఉంటాదా?"

సీలు లేని సంగతి నీకు తెలుసన్నమాట. తెలిసి కూడా నోరు మెదపలేదు. నంద్యాలలో సీళ్ళ సంగతి చూసే పెద్దాయన ఒకరున్నారట, ఆయనకు చూపిస్తే అసలు నిజం బయటపడుతుందని ఇస్సాకు అంటున్నాడు. వచ్చే వారం చూపించాలనుకుంటున్నాను.

భవదీయుడు,
యేసురత్నం

తా.క.: అవును, ఇత్తడి పిడే. దాని గురించి నీకెందుకంత ఆరాటం?

——

నంద్యాల,
20-8-1979

అయ్యా యేసురత్నం గారూ,

తొందరలో శ్రీరామ రాయడం కూడా మరిచిపోయాను.

ఆ సీలు సంగతి ఇస్సాకుకు ఎవరు చెప్పారు? మనిద్దరి మధ్య తేలే దానికి పెద్దాయన దాకా పోవడం ఏమిటి? నీకు దణ్ణం పెడతాను, ఆయనకు మాత్రం చూపించకు. ఇందులో నా తప్పు లేదు. అంతా మా నాయన చేసింది. ఆయన పోయి ఆరేళ్ళయింది. పోయినాయన పేరు నంద్యాల బజారులో పెట్టి నువ్వేం బావుకుంటావు?

నీ వేడుకోలుదారు,
మహానందయ్య

తా.క.: నంద్యాలకు వచ్చేటప్పుడు దాన్ని ఒక గుడ్డసంచిలో చుట్టి, చంకలో పెట్టుకుని, ఎవరికీ కనబడకుండా తీసుకురా.

——

ఆళ్లగడ్డ,
24-8-1979

మహాశయా,

కారును గుడ్డసంచిలో చుట్టి చంకలో పెట్టుకుని రమ్మన్నావు. నేను రిటైరయ్యాను కానీ మతి పోగొట్టుకోలేదు.

నీ ఉత్తరం సువార్తమ్మా నేనూ నాలుగుసార్లు చదివాం. అడిగింది ఆయిలు గురించి, నువ్వు రాసింది పోయిన నాయన గురించి. సూటిగా అడుగుతున్నాను. మీ నాయన ఈ కారులోనే పోయారా? ఆ సంగతి దాచడానికేనా ఇంత భయం? సువార్తమ్మ తేల్చి చెప్పింది. "ఆ ముసిలాయన ఏ సీట్లో పొయినాడో చెప్పేంతదాకా నేను ఎక్కేది ల్యా."

ఇక రెండే దారులు. ఈ నెలాఖరు లోపల నిజం రాయి. లేకపోతే కారు మీ కొట్టు ముందు నిలబెట్టి, బస్సులో వెనక్కి వస్తాను. ఆ తర్వాత నీ గడప తొక్కను. ఈ మాట రాయడానికి మూడు కాగితాలు చించాను. నలభై ఏళ్ళ స్నేహం ఒక మరక కింద పోతుందంటే నాకు ఏడుపొస్తోంది, అయినా రాస్తున్నాను.

యేసురత్నం

తా.క.: ముందు సీటా, వెనక సీటా?

——

శ్రీరామ

నంద్యాల,
28-8-1979

యేసురత్నం,

మా నాయన మా ఇంట్లో, ఆయన మంచం మీదే పోయాడు. కారు ఎక్కితే ఆయనకు వాంతులు. ఆ భయం వదిలేయమని చెల్లెమ్మకు చెప్పు.

ఇక నిజం. డిక్కీలో నువ్వు పట్టుకున్న ఆ రేకు డబ్బా మా కొట్టు కొలత. దాని మీద సర్కారు సీలు లేని మాట వాస్తవం. లీటర్లు వచ్చిన కొత్తలో మా నాయన దగ్గరుండి చేయించాడు. దానితోనే ఏళ్ళ తరబడి బజారంతటికీ నూనె కొలిచాం. చివరకు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు వచ్చి, నీళ్ళు పోసి చూసి, సీలు వేయనన్నాడు.

నువ్వనుకునేది వేరు. తక్కువ పట్టడం కాదురా, ఎక్కువ పడుతుంది! అరలీటరు అని చెక్కినదాంట్లో ఇంకో టీ గ్లాసు నూనె ఎక్కువ పడుతుంది. ప్రతి గిరాకీకీ, ప్రతి రోజూ, అన్నేళ్ళూ పోశాం. మోసగాడన్నా ఓర్చుకుంటాను కానీ, "ఏందీ, కొలవడం రాని ఇంట్లో పుట్టినావా" అని బజారు నవ్వితే ఓర్చుకోలేను. మా నాయన చేతి వస్తువని పారేయలేక డిక్కీలో దాచాను. అమ్మేటప్పుడు తీయడం మరిచాను.

ఇంత చెప్పాక కూడా పెద్దాయనకు చూపిస్తానంటే చూపించు. నువ్వు మా గడప తొక్కకపోవడం కన్నా అదే మేలు.

నీ
మహానందయ్య

తా.క.: ఇంతకీ మెకానిక్కుకు కొలతల సంగతి ఎట్లా తెలిసింది?

——

ఆళ్లగడ్డ,
2-9-1979

నా ప్రియమైన మహానందానికి,

మెకానిక్కుకు కొలతల సంగతి తెలియదు. ఇస్సాకు చెప్పిన సీలు ఇంజను వెనక ఉండే చిన్న చుట్టు. నూనె బయటికి రాకుండా ఆపేది అదే. పెద్దాయనంటే మీ ఊరి ఇంజన్ల మేస్త్రీ. ఇన్‌స్పెక్టరును తెచ్చింది నీ భయమే.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం పైకి చదువుతున్నాను. "ఇంకో టీ గ్లాసు నూనె ఎక్కువ పడుతుంది" అనే చోటికి వచ్చేసరికి సువార్తమ్మ చేటలో బియ్యం వదిలేసి లేచింది. ముఖం పాలిపోయింది.

"అయితే నేను పోసేది?" అంది.

"నువ్వు పోసేదేంది?" అన్నాను.

కారు అమ్మిన రోజు నువ్వు నన్ను పక్కకు పిలిచి ఏమన్నావు? "వారానికి అరలీటరు పోయి, ఆయమ్మకు చెప్పొద్దు, కారు ఆయిలు తాగుతాదంటే గొడవ పెట్టుకుంటాది." మరి ఆమెను పక్కకు పిలిచి ఏమన్నావు? "అన్నకు మతిమరుపు. వారానికి అరలీటరు నువ్వే పోయమ్మా, ఆయనకు చెప్పొద్దు, నొచ్చుకుంటాడు." నేను సోమవారం పోస్తున్నాను. ఆమె నేను చర్చి కమిటీకి పోయే గురువారం పోస్తోంది. ఇద్దరమూ మీ నాయన డబ్బాతోనే!

ఇస్సాకు అడుగు బోల్టు విప్పితే తొట్టె నిండింది. "ఇంత పోస్తే ఏ సీలు ఆగుతాది సార్? అమ్మినాయప్పది ఏం తప్పు ల్యా" అన్నాడు. కొత్త సీలు వేశాడు. రెండు రోజులుగా నేల పొడిగా ఉంది.

నిన్ను అనుమానించాను, క్షమించు. నువ్వు మమ్మల్ని ఇద్దరినీ అనుమానించావు కాబట్టి నిన్ను కూడా క్షమించాం. వచ్చే ఆదివారం ఆరాధన కాగానే కారులోనే వస్తున్నాం. తులసమ్మను ఉగ్గాని చేయమను. కారు మీ కొట్టు ముందు కాకుండా పొడినేల మీద నిలబెడతాను, అందరూ చూడాలి.

నీ పక్క బెంచి,
యేసురత్నం

తా.క. (సువార్తమ్మ రాసింది): అన్నా, సోమవారం మానేసినానని ఈయన అంటాండాడు. నాకు నమ్మకం ల్యా. అందుకే డబ్బా వంటింట్లో పెట్టుకున్నా. మీ నాయన పేరు బయటికి రాదు, భయపడొద్దు. నిన్న కిరసనాయిలు బండాయప్ప వస్తే ఈ డబ్బాతోనే కొలవమన్నా. "దీనికి సీలు ల్యా కదమ్మా" అన్నాడు. "నీ డబ్బాకు ఉండాదా?" అన్నా. దీంతోనే కొలిచి పోసిపొయినాడు.