ఎడమ సీటు

భోగాపురం,
8 ఏప్రిల్ 1968

ప్రియమైన మా లారీల దొరగారికి,

జగదీశ్వరి నమస్కారాలు. అందరం క్షేమం అని రాద్దామనే కూర్చున్నాను గానీ, మీతో అబద్ధమెందుకు? మీ అన్నగారి కారు సంగతి తేల్చండి. బాగుచేయిస్తారా, పాత ఇనుములవాడికి ఇచ్చేస్తారా? ఏదో ఒకటి తేలేదాకా ఈ ఇంట్లో నాకు మనశ్శాంతి లేదు.

ఎస్టేటు పోయే రోజుల్లో జమీందారు దొరగారు తన డ్రైవరైన గణపతిరావు బావగారికి ముచ్చటపడి ఇచ్చిన ఇంగ్లీషు బండి అనీ, ఆ ఏడే బావగారు సముద్రస్నానానికి వెళ్ళి తిరిగి రాలేదనీ, ఒడ్డున చొక్కా తువ్వాలూ తప్ప ఏమీ దొరకలేదనీ పెళ్ళైన కొత్తలో మీరే చెప్పారు. పోయిన మనిషి గుర్తు కదా అని ఇన్నాళ్ళూ నోరెత్తలేదు. పశువుల సాలలో తుప్పు రాలుస్తూ పడుంటే నాకేం నష్టం?

కానీ ఈమధ్య మిట్టమధ్యాహ్నం పూట దాని ఎడమ తలుపు దానంతటదే తెరుచుకుంటోంది. గాలనుకుని తాడుతో కట్టాను. మర్నాటికి తాడు విప్పి, చక్కగా చుట్టచుట్టి ఉంది. దగ్గరికెళ్తే మొగలిపువ్వు వాసన. ఎండాకాలంలో మొగలిపూలెక్కడివండీ! మన కామేశ్వరి కుడి సీట్లో బొమ్మను పెట్టుకుని ఆడుకుంటుంది గానీ ఎడమపక్క ఎక్కదు. ఎందుకే అంటే, "అక్కడ కూకోకూడదమ్మా, జాగా నేదు" అంటుంది. నాలుగు రోజుల నుంచి దానికి జ్వరం.

ఇంకోటి. ప్రతి అమావాస్యకీ అత్తయ్య ఆ కార్లో ఆకువేసి పిడికెడు అన్నం పెడతారు కదా. ఇన్నేళ్ళకి మొన్న గమనించాను, ఆవిడ పెట్టేది ఎడమ సీట్లో. డ్రైవరు కూర్చునేది కుడిపక్క కదండీ? అడిగితే, "నీకేటి తెలుసే, పోయి పని సూసుకో" అని కసిరేశారు.

భయమన్నది లేనిది చిన్నతల్లికే. మన పొలంలో పని చేసుకుని మధ్యాహ్నం వచ్చి ఆ కారుకే చేరబడి కునుకు తీస్తుంది. "ఇక్కడ కూకుంటే పేనం సల్లగుంటాదమ్మా" అంటుంది. ఎప్పుడో వెళ్ళిపోయిన దాని కూతురు బుల్లమ్మ ఖరగ్‌పూర్ నుంచి వస్తుందని ఇంకా ఎదురుచూస్తూనే ఉంది పాపం.

వెంటనే జవాబు రాయండి.
మీ
జగదీశ్వరి

*

సాలూరు,
14 ఏప్రిల్ 1968

ప్రియమైన జగదీశ్వరికి,

పాత ఇనుమా! ఆ మాట రాయడానికి నీకు చేతులెలా వచ్చాయే? నాకు పదేళ్ళప్పుడు అన్నయ్య నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, స్టీరింగు నా చేతికిచ్చి, సముద్రం దాకా తీసుకెళ్ళాడు. నేను ఈ లారీల షెడ్డు పెట్టానంటే ఆ ఒక్క సాయంత్రం వల్లే. ఆ హారను మోత ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నీ దెయ్యాల మాట వదిలెయ్. తుప్పుపట్టిన గొళ్ళెం గాలికి ఊడుతుంది. కుడి సీటు కుళ్ళిపోయి ఉంటుంది, అందుకని అమ్మ ఎడమపక్క పెడుతోంది. వచ్చే ఆదివారం మా షెడ్డు సోములు మేస్త్రీని వెంటబెట్టుకుని లారీలో వస్తాను. బాగుచెయ్యగలిగేదైతే ఆ లారీలోనే ఎక్కించుకొచ్చేస్తాం. అది ఒక్కసారి స్టార్టయితే చాలు, మా అన్నయ్య మళ్ళీ ఇంటికొచ్చినట్టే నాకు.

పిల్లకి కషాయం పట్టు. అమ్మకి నేను వచ్చే సంగతి ఇప్పుడే చెప్పకు.

నీ
లక్ష్మీనరసింహం

*

భోగాపురం,
26 ఏప్రిల్ 1968

ప్రియమైన మీకు,

బండిని లారీకెక్కించి మీరు వెళ్ళిపోయారు, మీ అమ్మగారి తిట్లు నాకు మిగిల్చారు. కామేశ్వరికి ఆ సాయంత్రమే జ్వరం దిగింది. అత్తయ్య మాత్రం అన్నం ముట్టడం లేదు. సాలలో ఖాళీ జాగా కేసి చూస్తూ కూర్చుంటున్నారు.

చిన్నతల్లి అలవాటుగా మధ్యాహ్నం వచ్చింది. కారు లేదు. నేలమీద చతికిలబడి ఒకటే ఏడుపు. ఏమైందే అంటే, "ఏటో నాకూ తెల్దమ్మా, గుండెలు పిండేసినట్టుగుంది" అంది. నాకూ ఏడుపొచ్చేసింది. ఎందుకో నన్నడక్కండి.

జగదీశ్వరి

*

సాలూరు,
11 మే 1968

ప్రియమైన జగదీశ్వరికి,

ముందు బండి సంగతి. చట్రం గట్టిగా ఉంది. ఇంజను బిగుసుకుపోయింది గానీ పగల్లేదు. రేకు లోపలుండే కర్ర బద్దలన్నీ చెద తినేసింది, టేకుతో కొత్తవి చెక్కించాలి. ముందు అద్దం ఎడమపక్కంతా పగిలి ఉంది. ఏదో పెద్ద దెబ్బ తగిలి పల్టీ కొట్టిన బండి ఇది అంటాడు సోములు. అన్నయ్య బండిని ఎక్కడైనా కొట్టినట్టు నేనెప్పుడూ వినలేదు.

ఇక నువ్వు నవ్వుతావని రాయకూడదనుకున్నది. ఇక్కడా అదే తంతు. పట్టపగలు ఎడమ తలుపు తెరుచుకుంటోంది. షెడ్డు నిండా డీజిలు కంపు కదా, దాన్ని మించి మొగలిపువ్వు వాసన. పనివాళ్ళు దాని పక్కన అన్నాలు తినడం మానేశారు. ఇంతకు ముందు నీ మీద విసుక్కున్నందుకు ఏమనుకోకు.

సోములు రెంచీ కింద పడేసి, "బాబూ, మీ అన్నగారికి దింపుడు కళ్ళం జరిగినాదా?" అన్నాడు. శవం దొరికితే కదే, దార్లో పాడె దింపి చెవిలో మూడుసార్లు పేరుపెట్టి పిలిచేది! ఏటా తద్దినం పెడుతున్నాను గానీ, అన్నయ్యని అలా పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. "పిలవనేదు కాబట్టి బండిలోనే ఉండిపోనాడు. పిలిసీయండి. ఆ తరవాతే నాను సెయ్యేస్తాను" అన్నాడు.

పిలిచాను జగదీశ్వరీ. కుడి సీటు మీదకి వంగి, చెవిలో చెప్పినట్టుగా, గణపతన్నయ్యా, గణపతన్నయ్యా, గణపతన్నయ్యా అని. ఏమీ కాలేదు. నేను తల ఎత్తేసరికి ఎడమ తలుపు బార్లా తెరిచి ఉంది.

సోములు ఆ ఎడమ సీటు ఊడదీశాడు. స్ప్రింగుల్లో ఇరుక్కుని ఆకుపచ్చ గాజుముక్కలూ, ఒక వెండి పట్టీ దొరికాయి. పట్టీకి ఒక మువ్వ ఊడిపోతే రాగితీగతో కట్టుకున్నారు. మా లారీ డ్రైవరు చేత పంపుతున్నాను. దొరగారి ఇంట్లోవాళ్ళదేమో, అమ్మకి చూపించు. అన్నయ్యని పిలిచిన సంగతి కూడా చెప్పు, ఆవిడ మనసు కుదుటపడుతుంది.

నీ
లక్ష్మీనరసింహం

*

భోగాపురం,
19 మే 1968

ఏవండీ,

ఇది చదివేముందు ఎక్కడైనా కూర్చోండి. నిలబడి చదవకండి.

పట్టీ తెచ్చి అరుగు మీద అత్తయ్య ముందు పెట్టాను. మీరు బండి దగ్గర అన్నగారిని పిలిచిన సంగతి చెప్పాను. అత్తయ్య పట్టీని చూడనే లేదు. మీరు పిలిచారన్న మాటకే నెత్తి బాదుకున్నారు. "సచ్చినోలకి పిలిసినట్టు నా కొడుకుకి పిలిసినాడా! ఎవుడే సచ్చిపోనాడు? ఆడు సావనేదు. ఆడు సచ్చిపోనాడని ఊరికి సెప్పినదాన్ని నానే!"

చిన్నతల్లి పెరట్లోంచి అప్పుడే వస్తోంది. దాని కళ్ళు పట్టీ మీద పడ్డాయి. తీసి ఒళ్ళో పెట్టుకుని ఆ మువ్వనే నిమురుతూ, "ఈ తీగ నాను సుట్టినాను. మా బుల్లమ్మది. ఇదెక్కడ దొరికినాదమ్మా?" అని అడిగింది. నేనేం చెప్పను? కారులో అన్నాను.

ఆ తరవాత అత్తయ్య ఏదీ దాచలేదు. బావగారూ బుల్లమ్మా సింహాచలం వెళ్ళి పెళ్ళి చేసుకోవాలని తెల్లవారకుండా బయల్దేరారట. గెడ్డ వాగు దాటుతుంటే ఇసకలో బండి పల్టీ కొట్టింది. బుల్లమ్మ అక్కడికక్కడే పోయింది. బావగారు ఇంటికి పరుగెత్తుకొచ్చి తల్లి కాళ్ళమీద పడ్డారు. ఆవిడే కొడుకుని కొండలవతలికి పంపేసి, అతని చొక్కా తువ్వాలూ ఒడ్డున పెట్టించారు. అప్పటి పాలేరు అసిరయ్య చేత ఆ పిల్లని గెడ్డ గట్టున మొగలిపొదల్లో పాతిపెట్టించి, ఎడ్లతో బండిని ఇంటికి లాగించారు. బుల్లమ్మ ఎవరో మేస్త్రీతో ఖరగ్‌పూర్ వెళ్ళిపోయిందని పుట్టించిందీ ఆవిడే. అసిరయ్య పోయాక ఆ మాట తెలిసినది ఆవిడొక్కరే.

అమావాస్య అన్నం బుల్లమ్మకండీ. మీరు తద్దినం పెట్టినరోజు ఆవిడ అజీర్తి అని పస్తుండేదీ కొడుకు బతికే ఉన్నాడు కనకే.

చిన్నతల్లి అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అత్తయ్యని పేరుపెట్టి పిలిచి, "ఖరగ్‌పూర్ నుంచి ఎవులొచ్చినా ఎదురెళ్ళి అడిగీదాన్ని నారాయణమ్మా. నువ్వూ నా పక్కనే నిలబడి అడిగీదానివి" అంది. అంతే. అత్తయ్య అటు తిరిగి కూర్చున్నారు. మొగలిపొదల దగ్గరికి చిన్నతల్లితో నేనూ వెళ్ళాను. అక్కడి సంగతి రాయలేను.

మీ అన్నగారు జయపురంలో ఉన్నారట, పేరు మార్చుకుని. పెళ్ళి చేసుకోలేదట.

బండిని పాత ఇనుముకి ఇచ్చేయమని మొదట అన్నదాన్ని నేనే. ఇప్పుడు ఆ మాట అనడానికి నేనెవర్ని, మీరెవరు? అది చిన్నతల్లే చెప్పాలి. రేపటి లారీలో చిన్నతల్లిని పంపిస్తున్నాను. వేళకి కాస్త అన్నం పెట్టించండి.

జగదీశ్వరి

*

సాలూరు,
24 మే 1968

ప్రియమైన జగదీశ్వరికి,

నీ ఉత్తరం చదివి షెడ్డు మూసేశాను. జయపురం! మా లారీలు రోజూ కొండల్లో ఘాటీ ఎక్కి వెళ్ళేది అక్కడికే కదే. ఆ బజార్లో ఎన్నిసార్లు టీ తాగానో, ఏ కొట్టులో ఎదురుపడ్డాడో, నన్ను చూసి తల తిప్పుకున్నాడో. బతికున్న అన్నకి నా చేతులతో పిండాలు పెట్టాను. ఆ చేతులు ఎంత కడుక్కున్నా నాకు తృప్తి కలగడం లేదు. వాడిని చంపేయాలనీ ఉంది, పట్టుకుని ఏడవాలనీ ఉంది.

చిన్నతల్లి వచ్చింది. దాని మొహం చూడలేక, "బండిని ముక్కలు చేసి నిప్పుల్లో వేసెయ్యనా?" అని అడిగాను. అది బండి చుట్టూ తిరిగింది. ఎడమ తలుపు తెరిచే ఉంది. సోములు మెల్లిగా, "పేరెట్టి పిలిసీయమ్మా. పిల్ల దిగిపోతాది" అన్నాడు. మేమందరం దూరంగా నిలబడ్డాం.

సీటు మీదకి వంగింది. నోరు తెరిచింది. పిలవకుండానే ఇవతలికి వచ్చేసింది.

"నాను పిలిస్తే అది దిగదు బాబూ. నా కోసం ఎక్కనేదు కదా అది. ఎక్కించుకున్నోడే పిలవాల. బండి బాగుసెయ్యి. మీ అన్న గుమ్మంలోకి తోలుకెళ్ళు" అంది.

నువ్వూ రావాలి కదా, నా పక్కన కూర్చో అన్నాను. తల అడ్డంగా ఊపింది. "నాను ఎనకాల లారీలో వస్తాను. అక్కడ జాగా నేదు" అంది. మన కామేశ్వరి మాటే జగదీశ్వరీ. చిన్నతల్లికి ఆ మాట ఎవరూ చెప్పలేదు.

అందుకని బాగుచేస్తున్నాను. నిన్నటి నుంచి సోములు టేకు బద్దలు చెక్కుతున్నాడు. ఇంజను విప్పాం. వానలు తగ్గేసరికి ఘాటీ ఎక్కగలదు. ఎడమ సీటు మాత్రం మార్చొద్దంది చిన్నతల్లి. దుమ్ము దులిపి, పాతదే మళ్ళీ బిగించాను. తలుపుకి తాడు కట్టడం మానేశాం.

అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించు. మేం వెళ్ళేటప్పటికి మొగలిపూలు పూస్తాయి. గెడ్డ గట్టునుంచి ఒకటి ఆవిడే స్వయంగా కోసి పంపాలని చిన్నతల్లి అడగమంది.

నీ
లక్ష్మీనరసింహం